ముందే అచ్చయిన ఉరి

ఇరా మాక్సన్ తలుపు తన్నుకుని లోపలికొచ్చి, తడి ఆరని పేపరును ఎడిటర్ క్రౌల్ ముఖాన కొట్టాడు. మరుక్షణం పిస్తోలు ఆయన కణతకు ఆనించాడు.

"చదువు. గట్టిగా చదువు."

క్రౌల్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "'టపాబండి తోలేవాణ్ణి చంపిన నేరానికి శనివారం మధ్యాహ్నం లైల్ మాక్సన్‌ను ఉరితీశారు. ధైర్యంగానే పోయాడు.' ఏం, బాగా రాలేదా?"

"ఇవాళ శుక్రవారం. మా తమ్ముడు జైల్లో కూర్చుని చిక్కుడుగింజలు తింటున్నాడు. విచారణే రేపు పొద్దున."

"నా పేపరు వారానికోసారే వస్తుంది, అబ్బాయ్. శనివారం సంగతి ఇవాళే వేయకపోతే మళ్ళీ వారానికి పాచివార్త అయిపోతుంది."

"విచారణే జరక్కుండా ఉరి సంగతి నీకెవడు చెప్పాడు?"

"జడ్జి."

మ్యూల్‌ఫోర్డులో జడ్జి కూడా క్రౌలే. పోస్టుమాస్టరూ ఆయనే. చెక్కగోడకు ఇవతల పేపరాఫీసు, అవతల పోస్టాఫీసు. ఒక్క మనిషికి ఇన్ని కుర్చీలిస్తే ఊరు ఇలాగే తగలడుతుంది.

ఇరా పిస్తోలు మడమతో ఆయన మూతి పగలగొట్టాడు. "తప్పు పడిందని వెయ్యి. మావాణ్ణి ఉరి తీయలేదని, తీయబోరని వెయ్యి."

క్రౌల్ నెత్తురుతోపాటు ఒక పన్ను ఉమ్మాడు. "నా పేపర్లో ఇంతవరకూ సవరణ పడలేదు. ఎందుకంటే తప్పు పడలేదు."

ఇరా ఆయన ఎడమచేతిని అచ్చుయంత్రంలోకి దూర్చి పిడి లాగాడు. వేళ్ళు పటపటమన్నాయి. క్రౌల్ గావుకేక పెట్టాడు. అది చాలదన్నట్టు ఇరా అక్షరాల అరలమీదికి రెండుసార్లు కాల్చాడు. సీసపు ముక్కలు గదంతా చెల్లాచెదురయ్యాయి. గోడకవతల ఉత్తరాల కోసం నిలబడ్డ జనం ఉలిక్కిపడను కూడా లేదు. ఉత్తరం రాయడం చేతకాని పాఠకులు తమ అభిప్రాయం ఇలాగే చెప్పి పోతుంటారు.

"వేస్తావా, రెండో చెయ్యి కూడా పెట్టమంటావా?"

"వేస్తాను. కానీ ఊరికే తప్పంటే ఎవరు నమ్ముతారు? బండివాణ్ణి చంపింది మీవాడు కాకపోతే మరెవరు?"

ఇరాకు ఈ లోకంలో లైల్ తప్ప ఎవరూ లేరు. కోడి మెడ విరవాలన్నా కళ్ళు మూసుకునే పిల్లాడు. రేపు వాడి మెడకే తాడు.

"నేను," అన్నాడు చివరికి. "నేనే కాల్చాను. లైల్ ఆ చుట్టుపక్కలే లేడు. నా గుర్రం ఎక్కి దొరికిపోయాడు, అంతే. ఇదే రాసి వాణ్ణి వదిలెయ్. పొద్దుగూకే లోపల నేను సరిహద్దు దాటిపోతాను."

క్రౌల్ గోడవైపు తిరిగాడు. "వినపడిందా, షెరీఫ్?"

"లైన్లో ఉన్న అందరికీ వినపడింది, జడ్జిగారూ," అన్నాడు షెరీఫ్ పోస్టాఫీసు వైపు నుంచి.

చెక్కల సందుల్లోంచి తుపాకీ గొట్టాలు లోపలికి దూరాయి. ఇరా పిస్తోలు తిప్పేలోగానే ఒక తూటా వాడి మోచేతిని చితగ్గొట్టింది. జనం మీదపడి, కుమ్మి, పెడరెక్కలు విరిచి కట్టారు.

"లైల్‌ని వదిలేస్తారా?" నేలమీద పడి కూడా వాడిది అదే ధ్యాస.

"ఇప్పుడే వదిలేస్తాం," అన్నాడు షెరీఫ్. ఆ మాట వినగానే వాడి ముఖం తేటపడింది. చూసేవాళ్ళకు నిజంగానే జాలేసింది.

"మరి సవరణ?" అన్నాడు ఇరా.

క్రౌల్ మిగిలిన చేత్తో అచ్చులోంచి నాలుగు ఇంగ్లీషక్షరాలు పీకి, మూడు పెట్టి బిగించాడు.

"సవరణ దేనికి నాయనా? వార్త నిజమే. పేరొక్కటే తప్పు పడింది."