కేబుల్‌లో చిటపటలు

హెడ్‌ఫోన్లలో పోపు వేసినట్టు చిటపటలు మొదలయ్యాయి. శైలజ చెయ్యి ప్యానెల్ మీదే బిగుసుకుపోయింది.

సెన్సర్ తీసి పక్క ప్యానెల్‌కు ఆనించింది. నిశ్శబ్దం. వెనక్కి తెచ్చింది. చిటపటలు.

"డాక్టరమ్మ లెక్క సప్పుడు ఇంటున్నవ్ మేడం. బతుకుతదా?" ప్యానెళ్ల వరసకు ముందువైపు నుంచి సబ్‌స్టేషన్ ఆపరేటర్ జమ్లీ నవ్వింది.

శైలజకు నవ్వు రాలేదు. హైటెన్షన్ కేబుళ్ల ఇన్సులేషన్ లోపల ఎక్కడ పాడవుతోందో విని చెప్పడం ఆమె ఉద్యోగం. పైకి మచ్చయినా కనబడదు. లోపల ఆవగింజంత ఖాళీలో రవ్వలు రేగుతూ చెదపురుగుల్లా తినేస్తుంటాయి. పోయిన నెల మిర్యాలగూడలో ఒక మిల్లులో ఇదే చప్పుడు వినబడితే, ఇంకో రీడింగ్ చూద్దామంది. అది పూర్తయ్యేలోపే కేబుల్ పెట్టె పేలింది. తోడొచ్చిన మహేందర్ చేతులు రెండూ కాలిపోయాయి.

"ఇటు రాకు అక్కా. ముందర లైట్లు ఒక్కటీ వెలుగుతలేవు, ఏ లైన్ ఆన్‌ల ఉందో ఎట్ల తెలుస్తది నీకు?"

"లైట్లు కాలిపోయి ఏడాదాయె. హ్యాండిల్ కిందికుంటె ఆఫ్. గంతే."

బల్ల మీద ఫోన్ మోగింది. జమ్లీ కట్ చేసింది. "మా ఆయనది. లైన్ పనికి పోతే ఫోన్ నాకిచ్చి పోతడు. స్తంభం మీద ఉన్నప్పుడు మోగితే చెయ్యి ఉలిక్కిపడతదంట."

శైలజకు ఆ మాటలు సగమే వినబడ్డాయి. చిటపటలు దగ్గరపడుతున్నాయి. ముక్కుకు ఘాటైన వాసన తగిలింది. మిల్లులోనూ ఇదే వాసన.

"మీ మిషన్ తప్పు చెప్తలేదు కద మేడం?" జమ్లీ గొంతులో నవ్వు పోయింది.

"చెప్పది. కరెంటు లేని కేబుల్ ఇట్ల చిటపటలాడది అక్కా. కరెంటు పారుతుంటేనే ఈ సప్పుడు."

"పేలుతదా?"

"ఇప్పుడే పేలొచ్చు, రేపు పేలొచ్చు. నువ్వు బయటికి నడువు."

శైలజ వంగి, కేబుల్‌కు కట్టిన రేకు ముక్క మీది దుమ్మును కొంగుతో తుడిచి లైన్ పేరు చదివింది. హెడ్‌ఫోన్లు పీకేసి ముందువైపుకు పరిగెత్తింది.

జమ్లీ ఇంకా అక్కడే ఉంది. "ఏ లైన్ మేడం?"

"గరిడేపల్లి. జల్ది ఆపెయ్."

జమ్లీ కదల్లేదు. కిందికి దించే ఉన్న ఆ లైన్ హ్యాండిల్ వైపు చూసింది, తర్వాత చేతిలోని ఫోన్ వైపు చూసింది.

"అది ఆపినంకనే మా ఆయన స్తంభమెక్కిండు మేడం."