అందరిదీ అయ్యాక

తొమ్మిది గంటలకు సెలూన్‌లోకి వచ్చిన ఆ మనిషి పదకొండైనా కుర్చీ ఎక్కలేదు.

గోడవారగా ఉన్న బల్ల మీద కూర్చున్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ మడత నలగని చొక్కా, ఒళ్ళో నల్ల సంచీ, చేతిలో చిన్న పుస్తకం. జుట్టు ఈమధ్యే కత్తిరించుకున్నట్టుంది. గడ్డం నున్నగా ఉంది. అలాంటివాడికి ఇక్కడేం పని?

“రండి సార్, మీ వంతు,” అన్నాడు కత్తెరన్న మూడోసారి.

“ఫరవాలేదు. అందరిదీ అయ్యాక,” అన్నాడతను మూడోసారి.

కత్తెరన్న అతని సంచీ వంక అనుమానంగా చూశాడు.

కత్తెరన్న అన్నది వీధి పెట్టిన పేరు. అసలు పేరు అతనే సగం మరిచిపోయాడు. పదహారో ఏట తండ్రి చేతిలోంచి కత్తి అందుకున్నాడు. ఇప్పుడు యాభై నాలుగు, ఇంకా అదే కత్తి. మూడు నెలల కిందటి దాకా అతన్ని అందరూ పనిమంతుడనేవారు. ఆ తర్వాత ప్రభుత్వం నిబంధన తెచ్చింది. ప్రభుత్వమే మూడేళ్ళ కిందట కట్టిన శిక్షణ భవనంలో రెండేళ్ళు చదివి లైసెన్సు తెచ్చుకోనివాడు ఎవరి గడ్డం మీదా చెయ్యి వేయకూడదు. వేస్తే షాపుకు సీలు, సామాను జప్తు. పనిమంతుడు కాస్తా తెల్లారేసరికి నేరస్తుడయ్యాడు.

రెండేళ్ళు షాపు మూసుకుంటే ఇల్లు గడవదు. మూయకపోతే ఇలా ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని బతకాలి. పోయిన వారమే వెనక వీధి సెలూన్‌కి సీలు పడింది. అక్కడా ముందు ఎవడో వచ్చి గంటసేపు ఊరికే కూర్చున్నాడట.

కత్తెరన్న తెర వెనక్కి వెళ్ళాడు. అక్కడ అతని భార్య తువ్వాళ్ళు ఉడకబెడుతోంది.

“వాడే,” అన్నాడు గుసగుసగా.

“ఎవడు?”

“సీలు వేసేవాడు. ఆ సంచీ కదిలినప్పుడల్లా ఇనుము చప్పుడవుతోంది. తాళమేమో.”

ఆమె తెర సందులోంచి చూసింది. ఆమెకూ భయమేసింది కానీ బయటపడలేదు.

“మనిషికో కొత్త తువ్వాలు వెయ్యి. కత్తి వేణ్ణీళ్ళలో ముంచు. చెయ్యి మాత్రం వణకనివ్వకు. నేనిక్కడే ఉంటా.”

సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు బస్సు డ్రైవరు. మంచివాడే కానీ నోటికి బ్రేకు లేదు. కుర్చీలో కూలబడుతూనే అందుకున్నాడు.

“ఏం బావా, నీకింకా సీలు పడలేదా?”

“మెల్లగా మాట్లాడు.”

“ఎందుకు మెల్లగా? ఇరవై ఏళ్ళుగా నా పీక నీ కత్తి కింద పెడుతున్నా. నాకు లేని భయం ఆ ఆఫీసువాళ్ళకెందుకు? నువ్వు సరిగ్గా గీయకపోతే రేపు ఎదురు షాపుకి పోతా. నీకు అంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది?”

“నువ్వు మాత్రం లైసెన్సు లేకుండా బస్సు నడుపుతున్నావా? ఊరుకో.”

“నా బస్సు గుద్దితే యాభై మంది పోతారు. నీ కత్తెర తప్పితే ఏం పోతుంది? మీసం. అదీ మళ్ళీ మొలుస్తుంది. మన పన్నులతో ఆ శిక్షణ భవనం అయిదంతస్తులు లేపారు, చూశావా? మెట్లకి పాలరాయి. గదినిండా విదేశాల నుంచి తెప్పించిన బొమ్మ తలలు.”

బల్ల మీది మనిషి తలెత్తి డ్రైవరు వైపు చూశాడు. మొహం ఎర్రబడింది.

కత్తెరన్న ఇక ఆలస్యం చేయలేదు. డ్రైవరు నోటి మీదుగా దట్టంగా నురగ పూసేశాడు. ఉపన్యాసం ఆగింది.

ఆ మనిషి లేచాడు. పుస్తకం పట్టుకుని కుర్చీ పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“దవడ కింద కత్తి ఎంత వాలుగా పడతారు?”

“ఇంత సార్.”

రాసుకున్నాడు.

“ఎవరి దగ్గర నేర్చుకున్నారు?”

ఈ ప్రశ్న వస్తుందని కత్తెరన్నకు తెలుసు. శిక్షణ భవనం పేరు చెప్పేద్దామనుకున్నాడు. నోరు తిరగలేదు.

“మా నాన్న దగ్గర.”

అతను కలం ఆపి కత్తెరన్న చేతివంక చాలాసేపు చూశాడు. ఆ చూపుకే చెయ్యి వణికింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి డ్రైవరు గొంతు మీద సన్నటి ఎర్రగీత పడింది.

ఆ మనిషి గుటక వేశాడు. “రక్తం వస్తే ఏం చేస్తారు?”

“పటిక రాస్తాను సార్.”

కత్తెరన్న పటిక రాశాడు. రక్తం ఆగింది. అతను అదీ రాసుకోవడం అద్దంలో కనిపించింది. ఇప్పుడు లైసెన్సు లేకపోవడమే కాదు, గాయం చేసిన నేరం కూడా పుస్తకంలోకి ఎక్కింది.

డ్రైవరు మొహం తుడుచుకుని, గాటు సంగతి ఎత్తనైనా ఎత్తకుండా, “ఎల్లుండి వస్తా బావా,” అని వెళ్ళిపోయాడు. షాపు ఖాళీ అయింది.

ఆ మనిషి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

తెర తప్పించుకుని భార్య వచ్చింది. తడి చేతులతోనే భర్త పక్కన నిలబడింది. ఆ మనిషి సంచీ తెరిచి ఒక కాగితం తీశాడు. దాని మీద గుండ్రటి ప్రభుత్వ ముద్ర కనిపించింది. అంతకుమించి ఏమీ చూడలేకపోయాడు కత్తెరన్న. చేతులు జోడించాడు.

“అయ్యా, షాపుకు సీలు వేసుకోండి. ఈ కత్తి మా నాన్నది. ఇదొక్కటి వదిలేయండి.”

ఆ మనిషి తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

“ఇది నా లైసెన్సు అన్నా, రెండేళ్ళూ బొమ్మ తలల మీదే నేర్పించారు, రేపు షాపు తెరుస్తున్నాను, బతికున్న మనిషికి గడ్డం ఎలా గీయాలో నేర్పుతారా?”