తాళాలు వేసిన గేరి

పటం మీద రాళ్ళగేరి లేదు.

కౌన్సిల్ హాలు గోడకు అతికించిన ఆ పటాన్ని హనుమంతు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు. తన వార్డే. కొల్లాపూర్ రోడ్డు ఉంది, వాగు ఉంది, మసీదు ఉంది. తను ఉండే వీధి, బావిగేరి కూడా ఉంది. దాని పక్కన రాళ్ళగేరి ఉండాల్సిన చోట మాత్రం పచ్చరంగు పూసి ‘ఖాళీ స్థలం, కొత్త బస్టాండు’ అని రాశారు.

ఊరికి ప్లాను గీసే పని మున్సిపాలిటీ చేతుల్లోంచి ఎప్పుడో జారిపోయింది. హైదరాబాదులో ఒక కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చారు. ఆ కంపెనీకి పిడుగుకూ బియ్యానికీ ఒకటే మంత్రం. ఏ ఊరి పటం చూసినా అవే రంగులు, అవే గీతలు. వాళ్ళ పని సరిగా ఉందో లేదో చూసే బాధ్యత కౌన్సిలర్లలో హనుమంతుకు అప్పగించారు. పేరు పెద్దదే గానీ, అందరూ సంతకం పెట్టాక ఆఖరున ఈయనా ఒకటి గీకాలి, అంతే. ఈసారి గీకలేదు.

“గీడ జనముంటరు సార్,” అన్నాడు పటం మీద వేలు పెట్టి.

కంపెనీ ఇంజనీరు గణేష్ కుర్రవాడు, మర్యాదస్తుడు. “వచ్చి చూశామండీ. అన్ని ఇళ్ళకీ తాళాలే. గుమ్మాలకు అడ్డంగా ముళ్ళకంప. ఒక్క పొయ్యిలో పొగ లేదు. ఫొటోలు కూడా తీశాం.”

“పూనాకు మట్టిపనికి పోయిండ్రు సార్. ముసలోళ్ళు గూడ పిల్లల్ని పట్టుకోనీకె ఎంబడి పోయిండ్రు. ఉగాదికి వస్తరు.”

మున్సిపల్ కమిషనర్ కల్పించుకున్నాడు. “హనుమంతు గారూ, మీ వాగు పక్కన గేరీలు వేటికీ పట్టాల్లేవు. మనుషులుంటే ఇళ్ళు. లేకపోతే ఖాళీ జాగా. మంగళవారం గణేష్ మళ్ళీ వచ్చి చూస్తాడు. మనుషులు కనబడితే పటం మారుస్తాం.”

హనుమంతు బయటికొచ్చి కూలీలను పూనాకు తీసుకుపోయిన గుంపు మేస్త్రి మల్లేశ్‌కు ఫోన్ చేశాడు. మల్లేశ్‌దీ రాళ్ళగేరే.

“ఎట్ల పంపుత అన్నా? స్లాబు పని నడుస్తుంది. నడిమిట్ల ఇడిసిపెట్టొస్తే సేటు మల్ల రానిస్తడా?”

“ఇండ్లు పోతయిరా మల్లేశ్.”

“ఆ గోడలు నా పెండ్లాం చేతుల్తోని పెట్టింది అన్నా,” అన్నాడు మల్లేశ్. ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట హనుమంతు చెవిలో మోగుతూనే ఉంది.

ఇంటికెళ్ళాక కంచం పక్కకు జరిపాడు. “ఏమైంది, గట్ల కూసున్నవ్?” అని భార్య జోగులమ్మ అడిగితే సంగతంతా చెప్పాడు.

“పాపం, మన పక్కోళ్ళే గదా. మనం గాకుంటే ఆళ్ళకు ఎవరున్నరు? ఏదన్న జెయ్యి,” అంది ఆమె.

అడకత్తెరలో పోకచెక్కలా రెండు రోజులు నలిగాడు. సోమవారం మల్లేశ్‌కు మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి నెమ్మదిగా, చాలాసేపు మాట్లాడాడు. “సరే అన్నా, గట్లనే కానీయ్. నీ దయ,” అన్నాడు మల్లేశ్.

మంగళవారం తెల్లవారుతుండగానే హనుమంతు తన ఇంటికి తాళం వేసి, గట్టిగా లాగి చూసుకుని బయల్దేరాడు.

ఎండ ఎక్కేసరికి రాళ్ళగేరి రాళ్ళగేరిలా ఉంది. తాళాలూ ముళ్ళకంపలూ తీసేశారు. వాకిళ్ళలో కళ్ళాపి చల్లి ఉంది. దండేల మీద చీరలు ఆరుతున్నాయి. పిల్లలు గోలీలాడుతున్నారు. ప్రతి కప్పు మీదా పొగ. అది చూసి కూడా హనుమంతుకు భయం తగ్గలేదు. ఎవరు నోరు జారినా అంతా నీళ్ళ పాలే.

గణేష్ మొదటి ఇంట్లోకి తొంగిచూశాడు. నారాయణమ్మ అనే ముసలామె పొయ్యి ఊదుతోంది.

“ఎప్పుడొచ్చారవ్వా?”

“పొద్దుగాలనే వచ్చినం బిడ్డా.”

“మీరుండేది ఇక్కడేనా?”

“ఏడుంటం బిడ్డా, గీ వాగు పక్కన గాక?” అని ఆమె గూట్లో తడిమింది, అటక మీద తడిమింది. “ఉప్పు ఏడున్నదో ఏమో,” అని గొణుక్కుంది.

గణేష్ ఇల్లిల్లూ తిరిగాడు. అందరి దగ్గరా ఇదే మాట. చెట్టు నీడన నిలబడి పటం విప్పి, పచ్చరంగు మీద అడ్డంగా గీత కొట్టి ‘నివాస ప్రాంతం’ అని రాశాడు. అడుగున తను సంతకం చేసి కలం అందించాడు. హనుమంతు వెంటనే తనూ సంతకం పెట్టేశాడు. కళ్ళనీళ్ళు ఆగలేదు.

“మా పానం నిలవెట్టినవ్ సార్.”

“నాదేముందండీ, ఉన్నది రాశాను. బస్టాండుకు వేరే జాగా చూపించాలి కదా, అది కూడా ఈ పొద్దే తేలిపోయింది.” గణేష్ పటం మీద పక్కనే ఉన్న గళ్ళలో పచ్చ కలంతో రంగు నింపసాగాడు. “ఇక్కడ పాత పటం చూసి ఇళ్ళు గీశాం. ఇందాక దీంట్లోంచే నడిచొచ్చాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా తాళాలే. పొగ లేదు, పలికే మనిషి లేడు. ఫొటోలు తీశాను. కింద మీ సంతకం కూడా అయిపోయింది.”

ఆ కలం ఎక్కడ ఆడుతోందో చూసి హనుమంతు వెనక్కి తిరిగాడు: అరువు పొయ్యిల ముందు కూర్చుని, జోగులమ్మతో సహా, బావిగేరి మొత్తం రాళ్ళగేరిలో మంట ఊదుతోంది.