డిఫాల్టు మొగుడు

"నాకు మీరే డిఫాల్టు లెండి" అంది కృష్ణప్రియ, చారు వడ్డిస్తూ.

సీతారామాంజనేయులు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. తప్పు ఆయనదే. భార్య నందిగామలో కంప్యూటరు కోర్సులో చేరిన దగ్గర్నుంచీ ఇంట్లో అంతా ఆ భాషే నడుస్తోంది. ఆయన జవాబు చెప్పకుండా కూర్చుంటే హ్యాంగయ్యారంటుంది. మళ్లీ వంకాయకూరే వండమంటే మీకు వేరే ఆప్షన్లే లేవా అంటుంది. ఆ పూట ఏకంగా సంసారం మీదే పడింది. పెళ్లంటే సాఫ్టువేరు ఎక్కించుకోవడమేనట. షరతులు ఎవరూ చదవరట. పురోహితుడు మమ అనమన్నప్పుడల్లా మమ అనేయడం, ఆ తర్వాత ఏమొస్తే అది వాడుకోవడమేనట. ఆ వేళాకోళం విని ముచ్చటపడి, "అయితే నేనేమిటో?" అని ఆయనే నోరు జారాడు.

జవాబు విన్నాక చారు సహించలేదు.

ఆయనకి జగ్గయ్యపేట బజార్లో స్టీలు సామాన్ల కొట్టుంది. ఆ బజార్లో ఆ మాటకి ఒకటే అర్థం. అప్పు తీసుకుని ఎగ్గొట్టినవాడు డిఫాల్టరు. బ్యాంకువాళ్లు అలాంటివాళ్ల పేర్లు నోటీసు బోర్డుకి అంటిస్తారు. ఆ తర్వాత వాడికి పేటలో ఎవరూ చెంబు కూడా అరువివ్వరు. ఇన్నేళ్ల వ్యాపారంలో ఎవరిచేతా పడని మాట, కట్టుకున్న భార్యచేత పడ్డాడు. అదేమిటని అడుగుదామంటే పరువు అడ్డొచ్చింది. ఊరుకుందామంటే మనసు ఊరుకోలేదు.

కొట్లో బిందెల మధ్య కూర్చుని ఆవిడకి ఏం బాకీ పడ్డానా అని ఆలోచించాడు. ఎందుకు గుర్తుకు రాదు? విజయవాడ తీసుకెళ్లి పట్టుచీర కొంటానన్నాడు. పెళ్లిళ్ల సీజను అయిపోనీ అన్నాడు. సీజన్లు వచ్చాయి, పోయాయి, విజయవాడ మాత్రం ఉన్నచోటే ఉంది. ఇక ఆలస్యం చేస్తే వడ్డీ పెరుగుతుందనుకున్నాడో ఏమో, ఆ సాయంత్రమే బజార్లో ఉన్నంతలో మంచి చీరా, మూరెడు మల్లెపూలూ పట్టుకుని ఇంటికెళ్లాడు.

కృష్ణప్రియ సంబరపడింది. పూలు తలలో తురుముకుని, చీర భుజమ్మీద వేసుకుని అద్దంలో చూసుకుంది. "ఇప్పుడివన్నీ ఎందుకండీ? ఎలాగూ మీరే డిఫాల్టు కదా" అంది నవ్వుతూ.

తీర్చినా తీరని ఆ బాకీ ఏమిటో ఆయనకి అంతుపట్టలేదు. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. మర్నాడు ఆవిడకి క్లాసు లేదు. నందిగామలో పనుందని ఇంట్లో చెప్పి బస్సెక్కాడు. ఎలా అడగాలో చిల్లకల్లు దాకా నెమరేసుకున్నాడు. చిల్లకల్లు దాటాక భయం పట్టుకుంది.

కంప్యూటరు సెంటరు బస్టాండు పక్కన, పురుగుమందుల కొట్టు పైన మేడమీద ఉంది. గుమ్మం బయట చెప్పులు విడవాలని బోర్డు పెట్టారు. విడిచి, గుళ్లోకి వెళ్లినట్టు భయభక్తులతో లోపలికెళ్లాడు. పాఠాలు చెప్పే నవనీత్, ఆయన ఎవరో తెలుసుకుని కుర్చీ వేశాడు, మంచినీళ్లు తెప్పించాడు.

"డిఫాల్టు అంటే ఏంటి బాబూ? మా గుమాస్తా కనుక్కోమన్నాడు" అన్నాడు సీతారామాంజనేయులు, ఎటో చూస్తూ.

"మీరు ఉత్తరం టైపు చెయ్యడానికి కూర్చున్నారనుకోండి. అక్షరాలు ఫలానా రకంగా ఉండాలని మీరేం చెప్పలేదు. అయినా ఏదో ఒక రకం పడుతుంది కదండీ, అదే డిఫాల్టు. మనం ఏదీ ఎంచుకోకపోతే దానంతటది వచ్చి కూర్చునేది."

అప్పు ఎగ్గొట్టడం కాదు కదా అని ఆయన రెట్టించి అడిగాడు. కాదని నవనీత్ నవ్వాడు. నెత్తిమీది గంగాళం దించినట్టయింది ఆయనకి. గ్లాసందుకుని నీళ్లు గటగటా తాగసాగాడు. సగం తాగాక, విన్న మాట అప్పుడు లోపలికి దిగింది.

ఏదీ ఎంచుకోకపోతే. దానంతటది వచ్చి.

పెళ్లిచూపులనాడు కృష్ణప్రియ తల ఎత్తనేలేదు. వాళ్ల నాన్న సరేనన్నాడు, వీళ్ల నాన్న సరేనన్నాడు, అందరూ కాఫీలు తాగారు. పిల్లకిష్టమేనా అని అడగాలని ఎవరికీ తోచలేదు. ఆయనకీ తోచలేదు. సీతారామాంజనేయులుకి నిజంగానే ఏడుపొచ్చింది. బ్యాంకు బాకీ అయితే ఏదో ఒకటి అమ్మి కట్టొచ్చు. దీనికి ఏం అమ్మాలి? ఎక్కడ కట్టాలి?

ఆ ముఖం చూసి నవనీత్‌కి జాలేసినట్టుంది. డిఫాల్టంటే చిన్నచూపేం అక్కర్లేదనీ, చాలామంది ఏళ్ల తరబడి దాంతోనే పని కానిచ్చేస్తారనీ చెప్పాడు.

"అంత నచ్చుద్దా?" ఆశగా అడిగాడు సీతారామాంజనేయులు.

"నచ్చి కాదండి. మార్చుకోవచ్చని తెలియక."

ఆయన గ్లాసు బల్లమీద పెట్టాడు. మార్చుకోవడం బాగా కష్టమేమోనని అడిగాడు. రెండు నొక్కులు నొక్కితే చాలన్నాడు నవనీత్.

గుమాస్తా సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

"మా ఆవిడకి ఆ పాఠం చెప్పావా బాబూ?"

"ఇంకా లేదండి. వచ్చేవారం చెబుదామనుకున్నా. మేడం గారే పట్టుబట్టి రేపటికి పెట్టించుకున్నారు."