రాళ్ల వాన మరునాడు

కూర ఇంకా పొయ్యి మీదే ఉంది. పక్కింటి కాశప్ప పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"శ్రీశైలన్నా, ఫారెస్ట్ గార్డు వచ్చిండు. ఇండ్లిండ్లు తిరుగుతుండు. మా సగం మేం తిన్నం. మీరు గూడ జల్ది కానియ్యుండ్రి!"

జవాబు వినకుండానే వెళ్లిపోయాడు.

శ్రీశైల్ తలుపు దగ్గరగా వేశాడు. గిన్నెలో ఉన్నది కోడికూర అయితే గార్డును కూడా పిలిచి పీట వేసేవాడు. అది నెమలి.

అతను చంపలేదు. ఆ మాట నిజం. నిన్న సాయంత్రం చింతకి ఊళ్లో రాళ్ల వాన పడింది. ఒక్కో రాయి నిమ్మకాయంత. ఇళ్ల రేకులకు చిల్లులు పడ్డాయి. పల్లి చేను నేలకు అతుక్కుపోయింది. పొద్దున చూడబోతే గట్టు మీద తుమ్మచెట్టు కింద ఆడ నెమలి ఒకటి పడి ఉంది. "తలకు తాకినట్టుంది పాపం" అన్నాడు కాశప్ప. నెల రోజులుగా పల్లీలు తవ్వి తింటున్న పక్షి మీద జాలిపడే ఓపిక శ్రీశైల్‌కు ఆ పూట లేదు. పంట ఎలాగూ పోయింది, ఇదైనా దక్కిందని ఇద్దరూ చెరి సగం తెచ్చుకున్నారు.

కానీ నెమలిని ముట్టుకుంటే జైలే. చచ్చినదైనా సరే. వాన చంపిందంటే వాననేమీ పట్టుకుపోరు కదా.

"పెంటకుప్పల పారేస్త" అంది భార్య ప్రేమల.

"కుక్కలు తీస్కపోయి ఆయన ముంగటనే పెడ్తయ్. తిందాం. ఇంకో తొవ్వ లేదు."

"నాకియ్యాల సోమవారం!"

పెళ్లయిన నాటి నుంచి ప్రేమల సోమవారం నీచు ముట్టలేదు. జ్వరంలో డాక్టరు గుడ్డు తినమన్నా తినలేదు. శ్రీశైల్ బతిమాలలేదు, ఆమె వైపు చూశాడంతే. ప్రేమల దేవుడి పటానికి వీపు పెట్టి కూర్చుని ముద్ద కలిపింది.

ముగ్గురూ నోళ్లు కాలుతున్నా తిన్నారు. కార్జం, కందనకాయ కూతురు పింకికి వేశారు. ఆరేళ్ల పిల్లకు అవంటే ప్రాణం. నిన్న పొద్దున కొల్హార్‌లో కూతురింటికి పోయిన శ్రీశైల్ తల్లి హనుమవ్వ కోసం తీసిపెట్టిన కూర కూడా అయిపోయింది. బొక్కలు పొయ్యిలో పడ్డాయి. ప్రేమల బూడిదతో గిన్నె తోముతుండగానే వాకిట్లో బైకు ఆగింది.

గార్డు భీమ్‌రావ్ చెడ్డవాడేం కాదు. అదే శ్రీశైల్‌ను ఎక్కువ భయపెట్టింది. చెడ్డవాడైతే ఎంతో కొంత చేతిలో పెట్టి పంపవచ్చు.

"రాళ్ల వానకు శానా పక్షులు సచ్చినయ్. నెమళ్లు దొరికితే నాకియ్యుండ్రి. డాక్టర్ చూసినంకనే కాలవెట్టాలె. దాస్తే మాత్రం కేసే."

"మా చేన్ల ఏం పడలే సారూ."

"ఇంట్ల?"

"ఇంట్ల ఎందుకుంటయ్ సారూ?"

భీమ్‌రావ్ ముక్కు ఎగబీల్చాడు. మసాలా వాసనను ఏ తలుపూ ఆపలేదు. గుమ్మంలో నిలబడ్డ పింకిని దగ్గరికి పిలిచాడు.

"ఏం తిన్నవ్ బిడ్డా?"

ప్రేమల చెయ్యి గిన్నె మీద ఆగిపోయింది. పింకి తల్లి ముఖం చూసింది, తండ్రి ముఖం చూసింది.

"పప్పు."

"పప్పుకు గింత వాసనా?"

"మా అమ్మ మంచిగ వండుతది."

భీమ్‌రావ్ నవ్వేశాడు. ఆయనకూ అంత కూతురు ఉంది. చెంబెడు నీళ్లు తాగి, ఎక్కడైనా కనబడితే ఫోన్ చెయ్యమని చెప్పి బైకెక్కాడు.

బైకు చప్పుడు దూరమయ్యాక శ్రీశైల్ పింకిని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు.

"నా తల్లీ! నువ్వు లేకుంటే నేనియ్యాల లోపల ఉంటుంటి!"

"తిప్పకు నాన్నా" అంటూ పింకి అతని భుజం మీద తల వాల్చేసింది.

ప్రేమల గోడకు ఆనుకుని కూర్చుంది. రవికంతా చెమటతో తడిసిపోయింది. కడుపులో తిప్పుతోందంది. సోమవారం తిన్నందుకు దేవుడికి కోపమొచ్చిందంది.

"దేవుడు కాదే, భయం. జరసేపైతే దిగిపోతది" అన్నాడు శ్రీశైల్. అతనికీ అలాగే ఉంది. అయినా ప్రాణం హాయిగా ఉంది. ఇంత గండం ఇంత తేలిగ్గా గడిచిపోతుందని అతను అనుకోలేదు.

అంతలో హనుమవ్వ ఆటో దిగి వచ్చింది. చెప్పులు విడుస్తూనే చేను సంగతి అడిగింది. అంతా పోయిందని చెప్పాడు కొడుకు. ముసలామె కాసేపు తల పట్టుకుని కూర్చుంది. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నువ్వు వద్దంటవని చెప్పలే గాని కొడకా, నిన్న పొద్దుగాల పోయే ముంగల గట్టు పొంటి మందు కలిపిన జొన్నలు చల్లిపోయిన, నెమళ్లేమన్న సచ్చినయా?"