అంకయ్య పింఛను

"పింఛను తెచ్చుకోడానికి బేంకుకెల్తన్నాను, తోడొస్తావా వదినా?" పక్క క్వార్టరు కమలాకుమారి గుమ్మంలో నిలబడి కన్నమ్మను అడిగింది.

"అంకయ్య పోయి మూడు నెల్లయింది కదమ్మా, ఇంకా పింఛనేటి?" అన్నాడు కన్నమ్మ మొగుడు గణపతిరావు.

"ఆయన తరవాత నాకిస్తారంట అన్నియ్యా. సగం. నేను బతికున్నన్నాళ్లూ."

పింఛను మనిషితోనే పోతుందనుకున్నాడు గణపతిరావు. ఫ్యాక్టరీలో ఫర్నేసు వేడి దగ్గర పనిచేసినవాళ్లు ఎన్నాళ్లు బతుకుతారని, రిటైరైనప్పుడు పింఛను బదులు తన డబ్బంతా ఒకేసారి తీసేసుకున్నాడు. కన్నమ్మ కోసమని ఫైనాన్సు కంపెనీలో వేశాడు. అంకయ్యకూ అదే చెప్తే, నవ్వి ఊరుకున్నాడు.

ఆ నవ్వు ఇప్పుడు వినిపించింది. ఆ ఫైనాన్సు కంపెనీకి తాళం పడి ఏడాదైంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

కన్నమ్మ చెప్పులేసుకుంది. "నాకీ తిరుగుడు నేదు వదినా. మాయన ముందే అంతా నా పేర దాచీసినారు."