ఆయ్

బిల్లు చూసి సత్యవాణి షెడ్డు గోడకి ఆనుకుంది.

లారీ మాత్రం ముస్తాబై తీర్థానికి బయల్దేరిన ప్రభలా నిలబడి ఉంది. కొత్త రంగు, మెత్తటి సీటు, అద్దాలకి ఎర్ర కుచ్చులు, నాలుగు గొట్టాల హారను, చుట్టూ లైట్లు. ముందు అద్దం పైన పూలతీగల మధ్య పాప పేరు, హారిక.

పదిహేన్రోజుల కిందట అంబాజీపేటలో కొబ్బరి లోడెత్తుకుని వెళ్తుంటే బండి ఓ పక్కకి లాగేసి కాలవగట్టు దిగిపోయింది. ఇరవయ్యేళ్లుగా సొంత బండి నడుపుతున్న గంగబాబు ఆ గట్టెలా దిగాడో ఎవరికీ అంతుపట్టలేదు. ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు.

క్రేను వాళ్లు బండిని రావులపాలెం షెడ్డులో వదిలారు. మేస్త్రి ప్రభాకరరావు గంగబాబుని ఎప్పుడూ చూసింది లేదు. భార్య సత్యవాణే వచ్చింది. ఆయనకి ఒంట్లో బాగోలేదనీ, బండి రోడ్డెక్కితే చాలు హంగులొద్దనీ, ఏమున్నా తనతోనే చెప్పమనీ మరీ మరీ చెప్పి వెళ్లింది. ఎనభై వేలవుతుందన్నాడు మేస్త్రి. చీటీ పాడి ఆ డబ్బే తెచ్చింది. వెంట కిరాయి డ్రైవరుని కూడా తీసుకొచ్చింది. రేపటికి బండి రాకపోతే లోడ్లు ఇంకొకరికిచ్చేస్తానన్నాడు కొబ్బరి వ్యాపారి.

బిల్లు రెండు లక్షల పదివేలు.

లారీ బేరం ఆడవాళ్లతో ఏమిటని, మేస్త్రి బండి తలుపు మీదున్న నంబరుకి ఫోన్ చేశాడట.

"అడక్కుండా నట్టు కూడా బిగించలేదండి. సీటు మార్చమంటారా అంటే ఆయ్ అన్నారు. హారనుకీ ఆయ్, లైట్లకీ ఆయ్. రేటు చెప్పినా ఆయ్ అన్నారండి, బేరమే లేదు. వెనకాల చిన్నగా ఉన్న పాపగారి పేరు ముందు పెద్దగా రాయిస్తానంటే, పాపం, ఏడ్చినంత పని చేసేరు."

ఊడదీసేయమంది సత్యవాణి. ఊడదీస్తే అది చెత్తేననీ, మొత్తం కడితేగానీ బండి కదలదనీ అన్నాడు మేస్త్రి. ఆమె ముఖంలో అనుమానం కనిపించిందేమో, అప్పటికప్పుడు ఫోన్ కలిపి స్పీకరు నొక్కాడు.

"గంగబాబుగారండీ, ఇవన్నీ మీరు చేయించమన్నవే కదండీ?"

"ఆయ్."

"ఇంటాయనే ఒప్పుకున్నాక మీరు కాదంటారేంటమ్మా," అన్నాడు కిరాయి డ్రైవరు.

సత్యవాణి ఫోన్ అందుకుంది.

"ఏవండీ, వీటిల్లో మీరేదీ చేయించమన్లేదు కదూ?"

"ఆయ్."

మేస్త్రి ఫోను కేసీ, ఆమె కేసీ మార్చి మార్చి చూశాడు.

ఆమె ఫోన్ పెట్టేసి, వ్యాపారి చెవిన పడకుండా ఇన్నాళ్లూ దాచుకున్న మాట మెల్లగా చెప్పేసింది.

"బండి మీదుండగానే పక్షవాతమొచ్చి నోరు పడిపోయిందండి, ఆయనకి మిగిలిన మాట అదొక్కటే."